పల్లపు చేలో సెంటు కన్నా ఊళ్లో చిన్న ఇల్లే చౌక

సంపాదకులకు,

ఆర్యా,

పట్టణాల్లో సామాన్య కుటుంబాలకు ఇల్లు అందాలన్న మాట వచ్చినప్పుడల్లా గోదావరి జిల్లాల్లో చర్చ ఒక్క చోటే ఆగిపోతోంది: సెంటా, రెండు సెంట్లా? 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణాలకు సెంటు, పల్లెలకు సెంటున్నర అన్నారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణాలకు రెండు, పల్లెలకు మూడు అంది. కొలత గురించి ఇంత వాదన జరిగింది. ఆ స్థలం ఎంత పల్లంలో ఉంది, రోడ్డు మట్టానికి తేవాలంటే ఎంత మట్టి పోయాలి, మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయి, కూలీల అడ్డాకు రోజూ ఎంత ఆటో ఛార్జీ అవుతుంది అన్న వాదన మాత్రం జరగలేదు. డెల్టాలో ఇంటి ఖరీదు తేలేది అక్కడే. ఆ లెక్కను కాస్త వివరంగా పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

ముందు మట్టి సంగతి. సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం చుట్టుపక్కల వరి చేను రోడ్డు కన్నా మూడు నుంచి ఐదు అడుగులు పల్లంలో ఉండటం మామూలే. నాలుగు అడుగులు మెరక చేయాలంటే సెంటుకు దాదాపు 1,740 ఘనపుటడుగులు, అంటే పదిహేడున్నర యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). ఇది అణిగిన తర్వాతి లెక్క. ట్రాక్టరులో వచ్చే మట్టి గుల్లగా ఉంటుంది కాబట్టి పావు వంతు ఎక్కువ తోలాలి. ట్రాక్టరుకు ఒక యూనిట్ చొప్పున చూసుకున్నా సెంటుకు 22 ట్రాక్టర్లు. రోడ్లు, ఖాళీ స్థలాలు కలుపుకుంటే ఎకరానికి రెండు వేల పైచిలుకు. ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో చేను తవ్వాలి, లేదా మెట్ట ప్రాంతం నుంచి గ్రావెల్ తోలాలి. దూరం పెరిగే కొద్దీ మట్టి ధర కన్నా డీజిలు ధరే ఎక్కువవుతుంది. ఎకరం చౌకగా దొరికిందని ఊరికి ఎనిమిది కిలోమీటర్ల అవతల పల్లపు చేను కొంటే, మిగిలిందనుకున్న డబ్బు మెరకకే పోతుంది. ప్రభుత్వం మెరక చేయకుండా వదిలేస్తే ఆ ఖర్చు లబ్ధిదారు నెత్తిన పడుతుంది. పట్టా చేతికొచ్చాక ఏళ్ల తరబడి ఇల్లు లేవని స్థలాల్లో చాలావాటికి కారణం ఇదే.

డబ్బు ఒక్కటే ఇబ్బంది కాదు. నాలుగు అడుగుల మట్టి చదరపు మీటరుకు రెండు టన్నులకు పైగా బరువు. ఒక అంతస్తు ఇల్లు చదరపు మీటరుకు ఇంచుమించు ఒక టన్ను, కాస్త ఎక్కువ. అంటే ఇల్లు మొదలుపెట్టక ముందే ఆ మెత్తటి బంక నేల మీద రెండంతస్తుల బరువు పెట్టేసినట్టు. కింద ఉన్న బంకమట్టిలో నీళ్లు మెల్లగా బయటికి పోతూ నేల కుంగుతూనే ఉంటుంది. ఏప్రిల్‌లో మట్టి తోలి, మే నెలలో పునాది తీసి, జూన్‌లో గోడలు లేపితే ఏమవుతుంది? మొదటి వర్షాకాలం గడిచేసరికి గుమ్మాల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు, గదిలో గచ్చు మధ్యలో గుంట, బయటి మెట్లు ఇంటి నుంచి విడిపోవడం. ఇవి మేస్త్రి పనితనం లోపాలని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది తొందర చేసిన తప్పు.

మెరక చేసే పద్ధతి కష్టమేం కాదు, ఓపిక కావాలి. ముందు పైన ఆరంగుళాల మట్టిని వరి దుబ్బులు, వేళ్లతో సహా గీకి తీసేయాలి. కుళ్లే పదార్థం కింద ఉంటే పైన ఎంత గట్టిగా తొక్కినా లాభం లేదు. తర్వాత తొమ్మిది అంగుళాలకు మించకుండా పొరలు పొరలుగా పోసి, తగినంత తడి పెట్టి, ప్రతి పొరా రోలరుతో తొక్కించాలి. చేపల చెరువు అడుగు బురద ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకూడదు. అది ఆరితే నెర్రెలిస్తుంది, తడిస్తే మళ్లీ బురదవుతుంది. పైగా అందులో ఉప్పు ఉంటుంది. ఇలా పోసిన నేలను కనీసం ఒక వర్షాకాలం, వీలైతే రెండు, అలాగే వదిలేయాలి. లబ్ధిదారులకు ఇంత గడువు లోపల పునాది వేయకపోతే పట్టా రద్దు అని నోటీసులిచ్చే అధికారులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా ఇళ్లు పగుళ్లు లేకుండా నిలబడతాయి.

ఇక నీళ్ల సంగతి. డెల్టా పట్టణాలు మునిగేది గోదావరి గట్టు తెగి కాదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. అవి ముఖ్యంగా లంకలకూ గట్ల పక్క ఊళ్లకూ సంబంధించినవి. పట్టణాల పక్క కాలనీల్ని ముంచేది యనమదుర్రు, ఎర్రకాలువ, కౌశిక, తుల్యభాగ లాంటి డ్రెయిన్లు ఎగదన్నడం, వాటిలోకి నీళ్లు తీసుకెళ్లే బోదెలు పూడ్చేయడం. చేలను లేఅవుట్లుగా మార్చేటప్పుడు బోదె మీద మట్టి కప్పేసి దాన్ని రోడ్డులో కలిపేస్తారు. అప్పటిదాకా పది చేల నీళ్లు పారిన దారి మూసుకుపోతుంది. కొత్త కాలనీ మెరక మీద ఉంటుంది, పక్కనున్న పాత పేట మునుగుతుంది. సర్వే వారి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటంలో బోదె గీత స్పష్టంగా ఉంటుంది. లేఅవుట్ పటాన్ని దాని మీద పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసే సంగతి. లోపలి కాలువ అడుగు మట్టం, అది కలిసే పెద్ద డ్రెయిన్ నిండుగా పారేటప్పటి నీటి మట్టం కన్నా పైన ఉండాలి. దీనికి ఆటో లెవెల్ అనే మట్టం కొలిచే పరికరంతో ఒక పూట పని. అనుమతి ఇచ్చే ముందు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోవాలని మున్సిపల్ టౌన్ ప్లానింగ్ వారిని కోరుతున్నాం. స్థలం కొనేవారికి కూడా ఒక మాట: చేను ఎండి నేల గట్టిగా ఉన్న ఏప్రిల్‌లో స్థలం చూసి బయానా ఇవ్వకండి. అక్టోబరులో, రెండు రోజులు ముసురు పట్టాక వెళ్లి చూడండి.

మరుగుదొడ్డి గురించి పత్రికల్లో ఎవరూ రాయరు కాబట్టి మేం కాస్త ఎక్కువ రాస్తాం. ఐదుగురు ఉండే ఇంటికి సెప్టిక్ ట్యాంకు లోపలి కొలత ఐదు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నీటి లోతు మూడు అడుగుల పైచిలుకు ఉండాలి. ఇది సెంటు స్థలంలో ఎలాగోలా పడుతుంది. ఇబ్బంది ఇంకుడు గుంతతో. నేలలో నీళ్లు ఆరు అడుగుల లోపే ఉంటే గుంత ఇంకదు. కాలువలు పారే నెలల్లో డెల్టాలో చాలాచోట్ల నాలుగైదు అడుగులకే నీళ్లు తగులుతాయి. గుంత నిండిపోయి ట్యాంకు వెనక్కి పొంగుతుంది, చివరికి పైపు తీసుకెళ్లి వీధి కాలువలో కలిపేస్తారు. పైగా గుంతకూ బోరుకూ మధ్య సుమారు అరవై అడుగులైనా ఎడం ఉండాలి. ఇరవై అడుగుల వెడల్పు స్థలాల వరుసలో, ఎవరి గుంత వాళ్లు తవ్వుకుంటే, ప్రతి ఇంటి బోరూ ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ల గుంతల మధ్యనే ఉంటుంది. సెంటు స్థలాల కాలనీకి విడివిడి గుంతలు పెట్టడం మొదట్లోనే చేస్తున్న పొరపాటు. ఇరవై ముప్పై ఇళ్లకు కలిపి ఒక పైపు లైను, చివర ఒక శుద్ధి ట్యాంకు తప్పనిసరి. అది వేయగల డబ్బు లేనప్పుడు అక్కడ కాలనీ వేయకపోవడమే మంచిది.

పునాది విషయానికి వస్తే, నల్లరేగడి ఎండకు కుంచించుకుపోతుంది, తడికి ఉబ్బుతుంది. ఈ మార్పు పైన పది, పన్నెండు అడుగుల దాకా ఉంటుంది. రెండు మూడు అడుగుల లోతున ఇటుక పునాది వేస్తే ఇల్లు ఏటా కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. దీనికి రూర్కీ కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్ పునాది ఉంది. పది అంగుళాల వ్యాసంతో మూడున్నర మీటర్లు బోరు వేసి, అడుగున రెండున్నర రెట్లు వెడల్పుగా ఉల్లిగడ్డ ఆకారంలో కోసి, ఊచలు దించి కాంక్రీటు నింపుతారు. పైన కలిపే బీమును నేలకు మూడు అంగుళాల ఎడంతో వేయాలి, లేకపోతే ఉబ్బిన మట్టి బీమునే పైకి తోస్తుంది. ఇలాంటి ఒక పైలుకు కాంక్రీటు 0.22 ఘనపు మీటరు. 340 చదరపు అడుగుల ఇంటికి పది పైళ్లు వేసినా మొత్తం 2.2 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 18 బస్తాల సిమెంటు. భయపడేంత ఖర్చు కాదు. అయితే ఆ బోరు సామగ్రి, తెలిసిన మనుషులు ఒక్క ఇంటి కోసం రారు, యాభై ఇళ్లు వరుసగా ఉంటే వస్తారు. లబ్ధిదారు ఎవరికి వారు కట్టుకోవాలన్న పద్ధతిలో పోతున్నది ఇదే. కనీసం పునాది వరకు కాలనీ మొత్తానికి ఒకేసారి వేయించి, గోడల నుంచి ఎవరికి వారికి వదలాలి. కోనసీమలో ఇసుక నేలలకు ఈ పైళ్లు అక్కర్లేదు, నీళ్లున్న ఇసుకలో ఉల్లిగడ్డ నిలవదు కూడా. నేల చూడకుండా జిల్లా అంతటికీ ఒకే డ్రాయింగు పంపడం మానాలి.

పనికి నీళ్ల ఎంపిక కూడా ఇక్కడే చెప్పాలి. పునాది తీయడానికి మంచి కాలం ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పటి నుంచి జూన్‌లో మళ్లీ వదిలే దాకా. గోతుల్లో ఊట తగ్గుతుంది. చిక్కేమిటంటే, సరిగ్గా అప్పుడే కాలువ నీళ్లు ఉండవు. భీమవరం, ఉండి, ఆకివీడు, నరసాపురం వైపు బోర్లలో ఉప్పు నీళ్లు, చుట్టూ రొయ్యల చెరువులు. ఆ నీళ్లతోనే కాంక్రీటు కలిపేస్తారు. ఊచలున్న కాంక్రీటుకు లీటరు నీటిలో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని జాతీయ ప్రమాణం. అది దాటితే ఏడెనిమిదేళ్లలోనే ఊచ తుప్పు పట్టి ఉబ్బి, శ్లాబు అడుగున పెచ్చులు ఊడతాయి. కాలువ కట్టేయడానికి ముందే కాలనీకి ఒక నీటి గుంట తవ్వి ప్లాస్టిక్ పట్టా పరిచి నింపుకుంటే సరిపోయే పని ఇది. పునాదిలో ఊచకు రెండు అంగుళాల కవరు, అంటే ఊచ బయట అంత మందాన కాంక్రీటు ఉండాలి. అరంగుళం రాయి ముక్కలు పెట్టి సరిపెట్టే అలవాటు ఈ నేలల్లో అస్సలు కుదరదు.

ఇసుక ఒడ్డునే ఉన్నా మనకు చౌక కాకపోవడం చాలామందికి ఆశ్చర్యం. 2024 జూలై నుంచి ఇసుక ఉచితం. కానీ తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులు కట్టాల్సిందే. వరద నెలల్లో ర్యాంపులు మూతపడగానే ధర లేస్తుంది. ఇంటి అవసరానికి శ్లాబు దాకా కావలసిన ఇసుకను జూన్‌కు ముందే నిల్వ చేయించడం హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) స్థాయిలో జరిగే పని. దానికి కొత్త పథకం అవసరం లేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఎకరం లేఅవుట్‌లో రోడ్లకు, పది శాతం ఖాళీ స్థలానికి పోగా 55 శాతం మిగులుతుంది. సెంటు చొప్పున 55 ఇళ్లు, రెండు సెంట్లు ఇస్తే 27. అదే ఎకరంలో మూడో వంతు మీదే భవనం వేసి, కింద, పైన మూడు అంతస్తులు కడితే, 365 చదరపు అడుగుల ఇల్లు గోడలు, మెట్లు కలుపుకుని 500 తీసుకున్నా, 110కి తగ్గకుండా వస్తాయి. మిగతా రెండు వంతులు గాలికి, వెలుతురుకు, పిల్లలకు. ఒక్కో ఇంటికి పడే మెరక, డ్రెయినేజీ, నీళ్ల ట్యాంకు, రోడ్డు ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. రెండు పంటలు పండే చేలు కూడా మిగులుతాయి.

ఇక ప్రయాణం. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో, ఎనిమిది కిలోమీటర్ల నుంచి షేర్ ఆటోలో రావడానికి పోవడానికి ఇద్దరికీ కలిపి రోజుకు 80 రూపాయలు అనుకుందాం. నెలకు 25 రోజులు, ఏడాదికి 24,000. ఏడేళ్లలో 1,68,000. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద సొంత స్థలంలో పట్టణ ఇంటికి కేంద్రం ఇచ్చే లక్షన్నరను ఆటో ఛార్జీలే మింగేస్తాయి. అడ్డా దగ్గర ఆరున్నరకు లేకపోతే ఆ రోజు పనే దొరకదు, అది ఈ లెక్కలో లేదు.

ఊళ్లో స్థలం ఎక్కడుందని అడుగుతారు. ఉంది. మూతపడిన పాత రైస్ మిల్లులు, వాటి ముందు అరవై డెబ్బై సెంట్ల ధాన్యం కళ్లాలు, పెచ్చులూడి ఖాళీ చేసిన ప్రభుత్వ క్వార్టర్లు, చెత్త పోసి పాడుపెట్టిన మున్సిపల్ స్థలాలు. డెల్టాలో ఏ పట్టణంలోనైనా ఒక రోజు సైకిల్ మీద తిరిగి రాసుకుంటే పదికి తక్కువ రావు. వీటిలో చాలావాటికి ఇప్పటికే రోడ్డు, మంచినీటి గొట్టం, కరెంటు, పక్కనే బడి ఉన్నాయి. మెరక చేయాల్సిన పనే ఉండదు, ఎందుకంటే పాత వాళ్లు మిల్లును ఎప్పుడూ మెరక మీదే కట్టారు. ప్రభుత్వ స్థలాన్ని అమ్మవద్దు. నేల మున్సిపాలిటీ పేరునే ఉండి, ఇల్లు దీర్ఘకాలపు లీజుకో అద్దెకో ఇస్తే, మళ్లీ పదేళ్లకు చేతులు మారి ధర పెరిగే ప్రమాదం ఉండదు. ప్రైవేటు మిల్లు యజమానులకైతే ఒక బేరం చెప్పవచ్చు. నాలుగో వంతు స్థలం చిన్న ఇళ్లకు ఇస్తే మిగతా దానిలో ఇంకో అంతస్తు అనుమతి.

పొడుగ్గా ఉన్న సన్న స్థలాల్లో అంతస్తులు కుదరకపోతే వరుస ఇళ్లు వేయవచ్చు. వీధి నుంచి వెనక్కి ముప్పై అడుగుల పొడవున పది ఇళ్లు ఉమ్మడి గోడలతో కడితే తొమ్మిది గోడలు మిగులుతాయి. పది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల గోడ లెక్కన 2,700 చదరపు అడుగుల గోడ, చదరపు అడుగుకు పది ఇటుకల చొప్పున 27,000 ఇటుకలు. మన పాత పట్టణాల్లో పెంకుటిళ్ల వీధులు ఇలాగే ఉండేవి. ఉమ్మడి గోడ దస్తావేజులో స్పష్టంగా రాయకపోతే తర్వాత తగాదాలొస్తాయి కాబట్టి నమూనా దస్తావేజు మున్సిపాలిటీయే ఇవ్వాలి.

అంతస్తుల ఇళ్ల మీద జనానికి ఉన్న అనుమానాలు న్యాయమైనవే. పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో కాంక్రీటు గోడలతో కట్టారు. వేగంగా లేచాయి, గట్టివి. కానీ ఆ గోడలో తర్వాత ప్లగ్గు పాయింటు కోసం గాడి కొట్టడం కష్టం, కిటికీ పెంచడం అసలు కుదరదు. పడమటి గోడ సాయంత్రం దాకా వేడెక్కి రాత్రి తొమ్మిదింటికి కూడా సెగ కొడుతుంది. పడమటి వైపు రెండు అడుగుల చూరు, పై శ్లాబు మీద తెల్ల సున్నపు పూత ఉంటే చాలా తేడా. పెద్ద సమస్య నిర్వహణ. 32 ఇళ్ల బ్లాకులో మోటారు కాలిపోతే ఎవరు బాగు చేయించాలో రాసి లేకపోతే, మూడో అంతస్తుకు బిందెలు మోసే ఆడవాళ్లు రెండు నెలల్లో ఇల్లు తాళం వేసి పాత అద్దె ఇంటికి వెళ్లిపోతారు. తాళాలు చూసి ‘పేదలకు ఫ్లాట్లు నచ్చవు’ అని తేల్చేయడం అన్యాయం. ప్రతి నాలుగు బ్లాకులకూ రోడ్డు వైపు నాలుగు కొట్లు కట్టి, వాటి అద్దె నేరుగా నివాసుల సంఘం ఖాతాలో పడేలా చేస్తే మోటారు, వీధి దీపం, మురుగు శుద్ధి కరెంటు బిల్లు దానితోనే గడుస్తాయి. కింది ఇళ్లు ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు ముందు ఇవ్వాలి. లాటరీలో మూడో అంతస్తు వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషికి అది ఇల్లు కిందికి రాదు.

అద్దె ఇళ్ల గురించి ప్రభుత్వాలు ఆలోచించడమే మానేశాయి. 2022 ఏప్రిల్‌లో భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి. ఉద్యోగులు, కోచింగు పిల్లలు, రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఆడపిల్లలు, ఆసుపత్రి నర్సులు అందరూ వెతుక్కునేది అద్దె గదే, సొంత స్థలం కాదు. ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో అద్దె ఇళ్లకు విడిగా ఒక విభాగం ఉంది. ప్రభుత్వ డబ్బుతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను బాగు చేసి అద్దెకివ్వడం అందులో మొదటి నమూనా. తీసుకోని, తాళాలు పడిన టిడ్కో ఇళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానంతో కదలాల్సిన ఫైలు ఇది. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని 2021 కేంద్ర నమూనా అద్దె చట్టం చెబుతోంది. మున్సిపాలిటీ తన ఇళ్లకైనా ఆ హద్దు పాటిస్తే పక్క వీధుల్లోనూ అదే అలవాటవుతుంది.

చివరగా, అప్పు చేసి ఫ్లాటు కొనే మధ్యతరగతి వారి సంగతి. పది సెంట్లలో పది ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి వచ్చే నేల వాటా ఒక సెంటే, అయినా మన పట్టణాల్లో ధర నడిచేది ప్లింత్ ఏరియా (గోడలు, ఉమ్మడి జాగా కలిపిన కొలత) మీద. 1,000 అడుగులు అని చెప్పిన ఫ్లాటులో గోడల లోపల తిరగడానికి 750 మిగిలితే గొప్ప. కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే జాగా) చెప్పి తీరాలని స్థిరాస్తి ప్రాజెక్టుల్ని నియంత్రించే రెరా చట్టం అంటుంది. కానీ స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 12.35 సెంట్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా నమోదు అక్కర్లేదు. హైదరాబాదు కొలతలకు ఇది చిన్న మినహాయింపు. పది పన్నెండు సెంట్లలో అపార్టుమెంట్లు లేచే మన డెల్టా పట్టణాలకు ఇది పెద్ద తలుపే. అదే చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఈ హద్దును తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 200 చదరపు మీటర్లకు, నాలుగు ఫ్లాట్లకు తగ్గించమని కోరుతున్నాం. అప్పుడు కొనేవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలన్న నిబంధన వీళ్లకూ వర్తిస్తుంది.

కొనేవాళ్లు చూసుకోవలసినవి ఇంకో మూడు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు ఉంటే జీఎస్‌టీ ఒక శాతమే, ఐదు కాదు. 30 లక్షల ఫ్లాటులో ఈ తేడా 1,20,000 రూపాయలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్‌టీ లేదు. రెండోది, ఆవాస్ యోజన పట్టణ రెండో విడత కింద ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల లోపు అప్పు తీసుకుంటే, మొదటి 8 లక్షల మీద నాలుగు శాతం వడ్డీ రాయితీ, ఐదు వార్షిక వాయిదాల్లో గరిష్ఠంగా 1,80,000 వస్తుంది. బ్యాంకులో మనమే అడగాలి. మూడోది రిజిస్ట్రేషన్. స్టాంపు, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం, 30 లక్షలకు 2,25,000. మొదటి ఇల్లు, 60 చదరపు మీటర్ల లోపు అయితే దీన్ని సగం చేయడం రాష్ట్రం చేతిలో పని. ఆ లోటును ఊళ్ల మధ్య ఏళ్ల తరబడి ఖాళీగా తుప్పలు పెరిగి దోమలు పెంచుతున్న ప్లాట్ల మీద ఖాళీ స్థలం పన్ను గట్టిగా వసూలు చేసి పూడ్చుకోవచ్చు.

ఈ సంవత్సరం కాలువలు కట్టేసేలోగా ప్రతి డెల్టా మున్సిపాలిటీ తన హద్దుల్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలాలు, మూతపడిన మిల్లుల పట్టిక సర్వే నంబర్లు, సెంట్లు, రోడ్డు మట్టంతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాం. కొత్తగా ఎక్కడైనా పొలం సేకరించాలనుకుంటే, ఆ పక్కనే మెరకకు ఎన్ని యూనిట్లు, డ్రెయిన్ మట్టం ఎంత, అడ్డాకు ఎన్ని కిలోమీటర్లు అన్న మూడు అంకెలు కూడా రాయాలి.

ఇట్లు,
ఇళ్ల కట్టుబడి పనిలో ఉన్న కొందరు సివిల్ ఇంజనీర్లు, తాపీ మేస్త్రులు,
భీమవరం